గుర్రపుతలవాడూ పిండిసంచి చొక్కా

మనీలా
ఫిబ్రవరి 4, 1989

తియో ఆంబో గారికి,

మీ చేతిని నుదుటికి ఆనించుకుని, దణ్ణం పెట్టి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. తియా సేలా పంటినొప్పి తగ్గిందా? ఇక్కడ అందరం కులాసా. తన తమ్ముడు ఉత్తరం ముక్క రాయడని అమ్మ రోజుకోసారి తిడుతోంది. ఆ తిట్లన్నీ పోగుచేసి ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను, వరసన చదువుకోండి.

నాకు ఉద్యోగం వచ్చింది తియో! పిల్లల విజ్ఞానపత్రిక. నెలకో పాత కథ తీసుకుని, దాని వెనక ఉన్న శాస్త్రం విప్పి చెప్పాలి. మొదటి నెల చిత్తడి నేలల మీద ఎగిరే నిప్పుబంతుల గురించి రాశాను. మా సంపాదకురాలు మిస్ ఒబిస్పో చదివి, "పిల్లల్ని భయపెట్టకు, పెద్దల్ని వెక్కిరించకు. విప్పి చూపించు, చాలు" అంది. అంటే బాగున్నట్టే. ఆవిడ అంతకుమించి ఎవరినీ మెచ్చుకోదు.

ఏప్రిల్ సంచికకు టిక్బాలాంగ్ అనే అడవి భూతం కథ ఇచ్చారు. గుర్రపుతల, కూర్చుంటే తలకంటే ఎత్తుకు లేచే మోకాళ్ళు. వాడు అడవిలో దారి తప్పిస్తే ఎంత నడిచినా బయల్దేరిన చోటికే వస్తామని, చొక్కా తిరగేసి తొడుక్కుంటే గానీ వదలడని చిన్నప్పుడు మీరే చెప్పి నన్ను హడలగొట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా గుడ్‌ఫ్రైడే నాడు యాత్రికుల్ని కమాగోంగ్ కొండ మీది ఊటదాకా నడిపిస్తున్నది మీరు. ఒక్కసారైనా దారి తప్పని మనిషిని ఇంకెక్కడ పట్టుకోను?

ఒక చిన్న పరీక్ష చేసి పెట్టాలి. కోతయిన మడిలో ఒక్కొక్కరికీ కళ్ళకు గంతలు కట్టి, అవతలి గట్టు మీది కొబ్బరిచెట్టుకేసి తిన్నగా నడవమనండి. ఎవరూ నోరెత్తి సాయం చెప్పకూడదు. ఎవరు ఎటు పోయారో రాసి పంపండి. ఎందుకో ఇప్పుడు చెప్పను.

మీ మేనకోడలు
లిగాయా

బలిబాగో
ఫిబ్రవరి 14

లిగాయా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మీ అమ్మ తిట్లు అందాయి. రుచి మారలేదు.

నీ ఉత్తరం ఆలింగ్ పురింగ్ కొట్లో అందరి ముందూ చదివించాను. "మా మేనకోడలు పత్రికలో రాస్తుంది" అని నేను చెప్పుకుంటే గొప్పలంటారు, ఆ పురింగ్ గొంతుతో చదివితే వార్త అవుతుంది. ఇకమీదట నీ ఉత్తరాలన్నీ అక్కడే విప్పమన్నాను. కాబట్టి దస్తూరి కాస్త బాగా రాయి.

పరీక్ష ఆదివారం చర్చిలో పూజ అయ్యాక పెట్టాం. ఊరు ఊరంతా వచ్చింది. మొదట కల్లుగీసే తెమ్యోంగ్. గంతలు కట్టగానే "ఇదెంత పని" అని ధీమాగా బయల్దేరి, నలభై అడుగులు వేసేసరికి ఎడమకు తిరిగి, గేదెలు పొర్లే బురదగుంటలో నడుం దాకా దిగాడు. "కొబ్బరిచెట్టు ఇంత మెత్తగా ఉందేంటి?" అని అడిగాడు. రెండోసారి కుడికి తిరిగి పురింగ్ వంకాయ మళ్ళో పడ్డాడు. ఆవిడ రెండు వంకాయలు వాడి వీపుకేసి కొట్టి మరీ తన వంతు నడిచింది, ఆవిడా తిరిగొచ్చింది. మీ తియా సేలా మూడుసార్లు నడిచి, మూడుసార్లూ చుట్టు తిరిగి వచ్చి నన్నే ఢీకొంది. "పెళ్ళయినప్పట్నించీ ఇంతే కదా, ఎటు పోయినా మీ మీదే వచ్చి పడుతున్నా, నా ఖర్మ" అంది. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, తరవాత ఆలోచించి నవ్వడం ఆపేశాను.

ఊరిపెద్ద కాపితాన్ దెల్మో వచ్చి చూసి, "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడంట" అని మూతి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. అతన్ని నడిపించలేకపోయాను.

నేను నడవలేదు. నడిపించేవాడు నడవకూడదు. పైగా నేను నడిస్తే తిన్నగా కొబ్బరిచెట్టుకే పోతాను, నీ శాస్త్రం చెడిపోతుంది.

చొక్కా సంగతి మాత్రం తేలిగ్గా తీసిపారెయ్యకు. మా నాన్న తిరగేసుకున్నాడు, ఆయన నాన్నా తిరగేసుకున్నాడు. ఇద్దరూ ఇంటికొచ్చారు. రాకపోతే నువ్వూ లేవు, నీ పత్రికా లేదు.

తియా పంటినొప్పి తగ్గింది. పన్నే పోయింది.

మీ తియో
ఆంబ్రోసియో

మనీలా
ఫిబ్రవరి 22

తియో ఆంబో గారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో చదివితే మిస్ ఒబిస్పో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ నవ్వితే అలాగే చేస్తుంది.

మీకు తెలియకుండానే మీరో గొప్ప పని చేశారు. కళ్ళు కడితే మనిషి ఎందుకు గుండ్రంగా తిరుగుతాడని శాస్త్రజ్ఞులు ఎప్పటినించో కొట్టుకుంటున్నారు. ఒక కాలు రవ్వంత పొట్టిగా ఉంటుంది, అందుకే ఒక పక్కకు లాగుతుంది అని కొందరు. కానీ తెమ్యోంగ్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోయాడు కదా! కాలే కారణమైతే రెండుసార్లూ బురదలోనే పడాలి. ఆ వాదం మీద ఒక్క వంకాయమడితో తీర్పు చెప్పేశారు మీరు.

నాకు అర్థమైంది ఇది. "తిన్నగా" అనేది కాళ్ళలో లేదు. దూరంగా కనిపించే కొండో, సూర్యుడో, చెట్టో చూసి మనం ప్రతి అడుగునూ తెలియకుండానే సరిదిద్దుకుంటూ ఉంటాం. అది కనిపించకపోతే అడుగడుక్కీ చిన్న పొరపాటు, దానిమీద ఇంకోటి. అవన్నీ పోగుపడి మనల్ని చుట్టు తిప్పుతాయి. దట్టమైన అడవిలో, మంచులో జరిగేది అదే. గుర్రపుతలవాడు అక్కర్లేదు.

రాసిన వ్యాసం చిత్తుప్రతి ఇందులో పెడుతున్నాను. చివరి పేరా చూడండి, నాకు భలే నచ్చింది:

"దారి తప్పిన పెద్దమనిషికి తప్పు ఒప్పుకోవడం నామోషీ. అందుకే నెపం పాపం గుర్రపుతలవాడి మీదికి నెట్టేసి, చొక్కా తిరగేసుకుని ఇంటికొస్తాడు. తిరగేస్తే ఏమవుతుంది? కుట్లు బయటపడతాయి, అంతే!"

ఎలా ఉంది? పురింగ్ గొంతుతో వింటే ఇంకా బాగుంటుంది.

మీ చేతిని నుదుటికి ఆనించుకుంటూ
లిగాయా

బలిబాగో
మార్చి 3

కుమారి లిగాయా వెర్గారా గారికి,

తమ ఉత్తరము, చిత్తుప్రతి అందినవి. తాము కోరినట్లే ఆలింగ్ పురింగ్ గొంతుతోనే విన్నాము. ఆవిడ చివరి పేరా రెండుసార్లు చదివింది. రెండోసారి ఎవరూ అడగలేదు.

మీ తియా తమకు ఏమేమి రాసిందో నాకు తెలియదు. ఎప్పుడు రాసిందో కూడా తెలియదు. ముప్పై ఏళ్ళ కాపురంలో నా వెనక ఒక ఉత్తరం వెళ్ళడం ఇదే మొదలు. నాలుగు రోజులుగా మేము "అన్నం", "నీళ్ళు" తప్ప మాట్లాడుకోవడం లేదు.

అవును, నేను దారి తప్పి, చొక్కా తిరగేసుకునే వచ్చాను. అవును, మళ్ళీ సరిచేసుకోవడం మరిచిపోయాను. ఆ చొక్కా మీ తియా పిండిసంచి గుడ్డతో కుట్టిందని, లోపలి వైపు అచ్చు ఇంకా పోలేదని కూడా తమకు తెలిసే ఉంటుంది. వీపు మీద "మేలురకం గోధుమపిండి, ఇరవై అయిదు కిలోలు" అని పెట్టుకుని ఊరి నడివీధిలో నడిచాను. ఇప్పుడు నా పేరు ఆంబో కాదు, "ఇరవై అయిదు కిలోలు".

అదంతా భరించాను. నాలుగు రోజుల్లో జనం మరిచిపోయేవారు. టిక్బాలాంగ్ పని అనుకునేవారు, అందులో మనిషికి అవమానం లేదు. అంతలో తమ చిత్తుప్రతి వచ్చి, అది టిక్బాలాంగ్ కాదు, ఆంబో తప్పే, నామోషీ కొద్దీ నెట్టేశాడు అని చెప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కాపితాన్ దెల్మో నిన్న ఇంటికొచ్చాడు. "ఏమనుకోకు ఆంబో. వయసు మీదపడింది. ఈ గుడ్‌ఫ్రైడేకి మా అల్లుడు రోదెల్ నడిపిస్తాడు. వాడి దగ్గర దిక్సూచి ఉంది" అన్నాడు. నేనేమని కాదంటాను? పత్రికలో రాసేవాళ్ళే చెప్పేశారు కదా.

ముప్పై ఒక్క ఏళ్ళు, లిగాయా. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా బతికేవాణ్ణి.

నా పేరు తమ పత్రికలో ఎక్కడా రాకుండా చూడగోరుతాను.

ఇట్లు
ఆంబ్రోసియో మందనాస్

మనీలా
మార్చి 9

తియో,

"గారు" అనకుండా, చెయ్యి నుదుటికి ఆనించుకోకుండా, కాళ్ళమీద పడి రాస్తున్నాను.

తియా సేలా నాకు ఒక్క అక్షరం రాయలేదు. నా ఉత్తరం మీద తేదీ చూడండి. ఫిబ్రవరి 22. మీరు దారి తప్పింది ఎప్పుడు? నేను రాసేనాటికి మీరు అసలు తప్పారా? మీరు చొక్కా తిరగేసుకున్న సంగతి మీ ఉత్తరం విప్పాకే నాకు తెలిసింది. అమ్మ పక్కనే ఉంది, సాక్ష్యం. పిండిసంచి దగ్గర నవ్వబోయి, కాపితాన్ దగ్గరికొచ్చేసరికి ఏడ్చేసింది.

ముందు వెళ్ళి తియాకు క్షమాపణ చెప్పండి. తరవాత మిగతాది చదవండి.

చెప్పారా?

ఆ పేరా కొట్టేశాను. మీకు బాధ కలిగిందని మాత్రమే కాదు. మిస్ ఒబిస్పో దాన్ని ముందే ఎర్ర సిరాతో చుట్టి, "ఇది విప్పి చూపించడం కాదు, వెక్కిరించడం" అని రాసింది. నేను రోషపడి రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చూశారా, మన వంశం.

తియో, వయసు అన్నది శుద్ధ అబద్ధం. తెమ్యోంగ్‌కు ముప్పై కూడా లేవు, బురదలో పడ్డాడు. నిన్న మా మేడ మీద నేనే గంతలు కట్టుకుని నడిచాను. పూలకుండీ పగిలింది. కళ్ళకు ఆనవాలు దొరక్కపోతే అందరూ తిరుగుతారు, పోప్ అయినా సరే. కాపితాన్‌ను కూడా మడిలో దింపండి. అతనూ గుండ్రంగా తిరిగితే మీ వయసు ఊసెత్తడు.

ఇంకో మాట. చొక్కా తిరగేశాక ఏం జరిగింది? వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నాను. మీరు ఇంటికొచ్చారు. ఎలా వచ్చారో నాకు తెలియదు, నా శాస్త్రంలో అది లేదు.

మీ లిగాయా

బలిబాగో
మార్చి 15

లిగాయా,

తప్పు నాది. నేను దారి తప్పింది ఫిబ్రవరి 24న. నీ ఉత్తరం అప్పటికి బస్సులో ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేనే.

మీ తియాకు క్షమాపణ చెప్పాను. "రెండు వారాలు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో, ఇంకో నాలుగు రోజులు ఆగి చెప్పకూడదా?" అంది. కానీ ఆ పూట ఎండుచేపలు నా కంచంలోనే రెండు పడ్డాయి.

నువ్వు అడిగింది చెబుతాను. ఇది కొట్లో చదివించేది కాదు.

బెత్తం తీగలకని పైకి వెళ్ళాను. పొద్దున పది గంటలకే మంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించవు. నాకేం భయం, నా ఇల్లు కదా అని దిగడం మొదలుపెట్టాను. ఒక పడిపోయిన మాను దాటాను. అరగంట నడిచి ఇంకో మాను దాటాను. ఇంకో అరగంటకు మూడోది. దాని మీద నా కత్తి గాటు ఉంది. మూడూ ఒకటే మాను లిగాయా. అరిచాను, బూతులు తిట్టాను, పరుగెత్తాను కూడా. ఈ వయసులో, ఆ రాళ్ళ మీద. మళ్ళీ మాను.

అప్పుడు చొక్కా గుర్తొచ్చింది. తొందరలో లాగితే గుండీలు ఊడిరాలేదు. ఆ మాను మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. చొక్కా తీసి, తిరగేసి, ఒక చెయ్యి దూర్చాను. నా పరుగు చప్పుడు, నా తిట్లు ఆగిపోయేసరికి ఎడమ పక్క కింద నీళ్ళ చప్పుడు వినపడింది. అది ముందునించీ ఉంది, నేనే వినలేదు. నీటిని పట్టుకుని మెల్లగా దిగివచ్చాను.

చొక్కా చేసింది అదీ. నన్ను కూర్చోబెట్టింది. కూర్చోమంటే ఏ మగాడూ కూర్చోడు. చొక్కా తిరగేసుకో, లేకపోతే గుర్రపుతలవాడు వదలడు అంటే కూర్చుంటాడు. పెద్దవాళ్ళు అమాయకులు కారు.

ఇక కాపితాన్ సంగతి. నువ్వు చెప్పినట్టే సవాలు చేశాను. "నడిస్తే ఏంటంట?" అని దిగాడు. తిన్నగా వెళ్ళి, గుండ్రంగా తిరిగి, వాళ్ళ అల్లుణ్ణి కౌగిలించుకున్నాడు. రోదెల్ నడిచి వాళ్ళ మామను కౌగిలించుకున్నాడు. ఊరంతా చప్పట్లు. నా వయసు తప్పేం కాదని కాపితాన్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "సరే మరి, అందరం తిరిగేవాళ్ళమే అయితే దిక్సూచి ఉన్నవాడే నయం కదా?" అన్నాడు.

నీ శాస్త్రం నన్ను నిర్దోషిగా తేల్చి, యాత్రను నడిపించేవాడు పట్టుకునే కర్రను నా చేతిలోంచి లాక్కుంది. ఏం చెయ్యమంటావో చెప్పు. ఆ శుక్రవారానికి ఇంక తొమ్మిది రోజులే.

మీ తియో
ఆంబో

మనీలా
మార్చి 18

తియో,

బస్సు కండక్టర్ చేతికే ఇస్తున్నాను. ఆలస్యం కాకూడదు.

కాపితాన్ అన్నది నిజం. దిక్సూచి మంచిదే, అబద్ధం చెప్పి మీకు ఆ కర్ర ఇప్పించలేను. కానీ అది ఉత్తరం ఎటో చెబుతుంది గానీ ఊట ఎటో చెప్పదు. ఏ రాయి మీద పాచి పట్టిందో చెప్పదు. రోదెల్‌ను వద్దనకండి, పక్కన పెట్టుకోండి.

ఇంకోటి చెప్పాలి, మేనకోడలిగా చెప్పడానికి భయంగా ఉంది. మాను మీద కూర్చున్న సంగతి మీరు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ వెనక నడిచే రెండువందల మందికి తెలియాల్సింది అదే. ఎప్పుడూ తప్పని మనిషి వెనక నడిస్తే, రేపు తాము తప్పినప్పుడు ఏం చెయ్యాలో వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ మాట మీ నోటితో చెప్పండి. చెప్పినా కర్ర రాకపోవచ్చు.

వ్యాసం మళ్ళీ మొదటినించీ రాశాను. మాను, గుండీలు, నీళ్ళ చప్పుడు అన్నీ ఉన్నాయి. మీ పేరు లేదు, మీరు వద్దన్నారు. "ఒక పెద్దాయన" అని పెట్టాను. అచ్చుకు వెళ్ళేది ముప్పై ఒకటిన. పేరు పెట్టమంటారా, మానమంటారా?

మీ లిగాయా

బలిబాగో
మార్చి 28

లిగాయా,

ఈస్టర్ పండగ శుభాకాంక్షలు. మీ తియా కొబ్బరిపాల అన్నం ఆకుల్లో చుట్టి సుమాన్ చేసింది. కండక్టర్ దారిలో తినకుండా ఉంటే పన్నెండు ఉండాలి, లెక్క చూసుకో.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి నీ మీద మళ్ళీ కోపం వచ్చింది. గురువారమంతా ఉంది. మీ తియా అంది, "కోపం ఎందుకు? పిల్ల చెప్పింది తప్పయితే నవ్వేసేవారు కదా." ఆవిడ నన్ను ముప్పై ఏళ్ళుగా చదువుతోంది.

శుక్రవారం పొద్దున చర్చి ముందు అందరూ చేరారు. రోదెల్ మెడలో దిక్సూచి వేసుకుని, పెళ్ళికొడుకులా బిగుసుకుని నిలబడ్డాడు. నేను మెట్టు ఎక్కి, "ఒక మాట" అన్నాను. "గత నెల నేను దారి తప్పాను. టిక్బాలాంగ్ కాదు, నేనే. భయపడ్డాను. పరుగెత్తాను. కూర్చున్నాక దారి తెలిసింది. మీరెవరైనా తప్పితే ముందు కూర్చోండి, చొక్కా సాకు పెట్టుకుని అయినా సరే" అన్నాను.

తలకొట్టేసినట్టయింది. దిగిపోబోతుంటే వెనకనించి తెమ్యోంగ్, "నేను రెండుసార్లు తప్పా. కల్లు ఎక్కువైందని మా ఆవిడకి చెప్పా" అన్నాడు. వాళ్ళావిడ "అమ్మ దొంగా!" అంది. తరవాత ఫాదర్ గారి అన్న, తరవాత ఇద్దరు ముసలమ్మలు. ఇక ఆగలేదు. ఈ ఊళ్ళో ఆ కొండ మీద తప్పని మనిషి లేడు, చెప్పిన మనిషీ లేడు. ఆఖరికి కాపితాన్ దెల్మో టోపీ తీసి, "ఎనిమిదేళ్ళ కింద... మా పందులదొడ్డి వెనకే... పూటంతా" అన్నాడు. "దిక్సూచి అందుకేనా కొన్నావ్!" అని ఎవరో అరిచారు. నవ్వి నవ్వి ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా కడుపు పట్టుకున్నారు.

కర్ర కాపితానే తెచ్చి నా చేతికిచ్చాడు. రోదెల్ నా పక్కన నడిచాడు. మంచి పిల్లాడు, దిక్సూచిని గుడ్డులా పట్టుకుంటాడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. రెండో మలుపు దగ్గర, ఎందుకో నాకే తెలియదు, ఆగి వెనక్కి తిరిగి "ఇటేనా?" అని అడిగాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు. వెనకనించి "ఇటే ఆంబో, ఇటే!" అని పదిమంది అన్నారు. బాగుందనిపించి మూడో మలుపులోనూ అడిగాను. నాలుగో దగ్గర అలవాటుగా ఎడమకు అడుగు వేస్తూ అడిగితే, పురింగ్ గొంతు వినపడింది, ఉత్తరాలు చదివే ఆ గొంతే. "కుడి, ఆంబో, కుడి! ఎడమ పక్క మొన్నటి వానలకి కూలిపోయింది. ఆకుకూరకెళ్ళినప్పుడు చూశా." రోదెల్‌ను తీసుకుని వెళ్ళి చూశాను. దారి లేదు. ఇద్దరు మనుషుల లోతు గుంట, పైన తీగలు కప్పేసి ఉన్నాయి. నేను ముందు, నా వెనక రెండువందల మంది.

ఊటకు చేరేసరికి ఎప్పటికంటే గంటన్నర ఆలస్యమైంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నీళ్ళు తాగి, ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మీ తియా చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

నా పేరు పెట్టే రాయి. మందనాస్ అని పూర్తిగా రాయి, తప్పుల్లేకుండా. నా వెనక నడిచేవాళ్ళకు దారి తెలియదని ముప్పై ఒక్క ఏళ్ళు అనుకున్నానని, ఎవరినీ అడగలేదని రాయి.

మీ తియో
ఆంబో